పెద్దలు విడిచిన పని ఎవరిది?

వానలు తగ్గి కొండ వాలుల మీద వలిసె పూలు పసుపుపచ్చగా విచ్చుకునే కాలాన్ని పుస్తకాలు శరదృతువు అంటాయి. మన ఊళ్ళలో ఆ పేరు ఎవరూ అనరు. "వలిసె పూసింది" అంటే చాలు, ఇక ఏయే పనులు మొదలవ్వాలో ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో ఏజెన్సీ ఇంట్లో ఎవరి చేతికీ ఖాళీ ఉండదు. పోడులో సామ కోతకు వస్తుంది. చోడి వెన్ను గట్టిపడుతుంది. పెరట్లో చిక్కుడు పందిరెక్కి పూత పట్టి, తొలి పిందెలు దిగుతాయి. గుమ్మడి, ఆనప తీగలు ఇంటి కప్పు మీద కాయలు మోస్తుంటాయి. పొద్దు వాలగానే చలి దిగుతుంది. అప్పుడు పొయ్యి దగ్గర చేరి పెద్దవాళ్ళు వెదురు బద్దలు చీరుతూ బుట్టలు, చేటలు అల్లుతారు. వానాకాలపు లేత వెదురు అల్లికకు పనికిరాదు, త్వరగా పురుగు పడుతుంది. అందుకే ముదిరిన వెదురును వానలు వెళ్ళాక చూసి కొడతారు. ఇంట్లో ముసలివాళ్ళ విలువ బాగా కనిపించేది ఈ రెండు నెలల్లోనే. ఏ కాయ విత్తనానికి ఉంచాలో, ఏ బద్ద వంగుతుందో, ఏది విరుగుతుందో చెప్పగలిగేది వాళ్ళే.

చలి తిరిగే రోజులు ముసలి ప్రాణానికి కష్టమైన రోజులు కూడా. తల్లో తండ్రో పోయినప్పుడు మనం చేయవలసిన పనులు మనకు తెలుసు. సాగనంపుతాం, దినాలు చేస్తాం, ఊరికి అన్నం పెడతాం. తర్వాత కాగితాల పని చూసుకుంటాం. పట్టాలో పేరు మారుతుంది, పింఛను ఆగుతుంది, రేషన్ కార్డులో ఒక పేరు తగ్గుతుంది. అంతటితో అంతా అయిపోయినట్టేనా? వాళ్ళ చేతిలో సగంలో ఆగిన పని ఎవరిది? దాన్ని అందుకోవడం మన బాధ్యతా, లేక ఇష్టమైతే చేసి లేకపోతే వదిలేసే విషయమా? ఈ వ్యాసంలో మేము ఆలోచించాలనుకున్న ప్రశ్న ఇది.

ముందుగా ఒక తల్లిని చూసుకోవడం అంటే ఏమిటో చెప్పుకోవాలి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే పెద్దవాళ్ళు ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. నెలకు 10,000 రూపాయలకు మించకుండా పోషణ ఖర్చు ఇవ్వమని అది ఆదేశించవచ్చు. ఇది అవసరమైన చట్టమే. అయితే చట్టం డబ్బు ఇప్పించగలదు కానీ పక్కన కూర్చోబెట్టలేదు. వాళ్ళు చెప్పేది విని, ఆ చెప్పినట్టు పెరట్లో చేయించలేదు.

మా అమ్మ భాద్రపదంలో మంచం పట్టింది. పట్నంలో ఉద్యోగం చేసే మా తమ్ముడు తన అద్దె ఇంటికి తీసుకుపోతానన్నాడు. అక్కడైతే ఆసుపత్రి దగ్గర, రాత్రిపూట ఏదైనా అయితే డోలీ కట్టి మోయనక్కర్లేదు అన్నాడు. వాడన్నది నిజమే. డోలీ మీద మనిషిని మోసిన ఊరి వాళ్ళకు ఆ మాట బరువు ఎంతో తెలుసు. అమ్మ మాత్రం ఇంటి దగ్గరే ఉంటానంది. సామ ఇంకా కోయలేదు, చిక్కుడు ఇంకా కాయలేదు అంది. పట్నంలో పరీక్షలు చేయించి, మందులు రాయించుకుని, ఆమెను ఇంటికే తీసుకొచ్చాం. తమ్ముడు పంపిన డబ్బుతో మందులు వచ్చాయి. మరదలు ఆ రెండు నెలలు ఊళ్ళోనే ఉండి నీళ్ళు పోసింది, అంబలి తాగించింది. డబ్బు పంపిన చెయ్యీ అంబలి తాగించిన చెయ్యీ రెండూ ఆమెను చూసుకున్నవే. వాటిలో ఏది గొప్పదని తూకం వేయడం మాకు ఇష్టం లేదు. అయితే ఒక తేడా మాత్రం ఉంది. దగ్గర ఉన్నవాళ్ళకు ఆమె ఏదో ఒకటి ఇస్తూ పోయింది. దూరంగా ఉన్నవాడికి ఇవ్వడానికి ఆమెకు దారి లేకపోయింది.

ఆ నెలల్లో ఆమె లేచి పెరట్లోకి వెళ్ళలేకపోయింది. అరుగు మీద నులక మంచం వేస్తే అందులో కూర్చునే పెరటి పని చేయించింది. "పందిరి మీద తూర్పు పక్క మొదటి గుత్తులు కొయ్యకండి. అవి విత్తనానికి" అనేది. తొలి కాపులో బలంగా ఉన్న కాయలను తీగ మీదే ఎండనివ్వాలి. కూరకు కోసుకునేది ఆ తర్వాత. ఆకలిగా ఉన్న ఇంట్లో ఈ నియమం పాటించడం తేలిక కాదు. మన పెద్దవాళ్ళు ఆషాఢ, శ్రావణాల కరువు చూసి కూడా పాటించారు. గుమ్మడి గింజలు బూడిదలో కలిపి ఆరబెట్టించింది. కొన్నింటిని పేడలో కలిపి గోడకు పిడకలా కొట్టించింది. సామ కంకుల్లో నిండుగా ఉన్నవి ముందే ఏరి వేరే కట్ట కట్టి, పొయ్యి మీద పొగ తగిలే చోట వేలాడదీయించింది. ఖాళీ దొరికినప్పుడు ఒళ్ళో బద్దలు పెట్టుకుని విత్తనాల బుట్ట ఒకటి అల్లేది. మూత పెట్టడానికి వీలుగా, సందు లేకుండా అల్లే చిన్న బుట్ట అది. కార్తీకంలో ఆమె పోయేనాటికి బుట్ట గోడ ఇంకా నాలుగు వేళ్ళు లేవాలి. అంచు కట్టలేదు.

ఆమె పోయిన ఐదో రోజుకే సామ కోయవలసి వచ్చింది. పండిన సామ ఆగదు. ఆలస్యమైతే గింజ రాలిపోతుంది, పిట్టలు తినేస్తాయి. దినాలు పూర్తి కాకుండా కొడవలి పట్టడం తప్పేమోనని ఇంట్లో అనుకున్నాం. ఊరి వాళ్ళు ఆ ప్రశ్న మాదాకా రానివ్వలేదు. ఇంటికొకరు చొప్పున వచ్చి మా పొలం కోసి, కట్టలు కట్టి కళ్ళంలో వేసి పోయారు. ఎవరూ కూలి అడగలేదు. వచ్చే ఏడు వాళ్ళ ఇంట్లో కష్టం వస్తే మేము వెళ్ళాలి, లెక్క అంతే. దుఃఖం వచ్చిన ఇంట్లో పని ఆగకూడదని, అలాగని దుఃఖంలో ఉన్నవాళ్ళే ఆ పని చేయక్కర్లేదని మన ఊళ్ళు ఎప్పుడో తేల్చుకున్నాయి. ఓదార్పు గురించి పెద్ద మాటలు చెప్పే ఏ పుస్తకంలోనూ మాకు ఇంతకంటే మంచి నీతి కనిపించలేదు.

చిక్కు వచ్చింది బుట్ట దగ్గరే. చనిపోయిన మనిషి వాడిన వస్తువులు కొన్ని వల్లకాటి దగ్గర పెట్టి రావడం మాలో ఉంది. ఆమె కత్తి, ఆమె తాగే ఆనపబుర్ర అక్కడ పెట్టాం. సగం అల్లిన బుట్ట కూడా పెట్టాలని కొందరు అన్నారు. చేతిలో ఉన్న పని చేతితోనే పోవాలి, మరొకరు ముట్టుకుంటే ఆమె మనసు దాని చుట్టూనే తిరుగుతుంది అన్నారు. అలాగే ఉంచి గుర్తుగా దాచుకుందాం అని తమ్ముడు అన్నాడు. చివరకు ఊరి పెద్దాయన ఒక మాట చెప్పారు. "కత్తి మనిషిది. ఈ బుట్ట మనిషిది కాదు, విత్తనానిది. విత్తనం ఇంకా పందిరి మీదే ఉంది కదా!" ఆ మాటతో వాదన ఆగింది. అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, మిగిలిన గోడ లేపి అంచు కట్టింది. పుష్యంలో ఎండిన చిక్కుడు గింజలు ఆ బుట్టలోకే వెళ్ళాయి.

పెద్దాయన మాటను మేము చాలాసార్లు ఆలోచించాం. అందులో వారసత్వం గురించి ఒక పూర్తి పాఠం ఉంది. తల్లిదండ్రుల నుంచి మనకు వచ్చేవి మూడు రకాలు. ఒకటి కాగితం మీద ఉండేది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉంటుంది, వారసులకు దక్కుతుంది, అమ్మడానికి వీలులేదు. దాన్ని అందుకోవడానికి సంతకం కావాలి. రెండోది వస్తువు. కడియం, గిన్నె, మేక. దాన్ని అందుకోవడానికి ఇంట్లో చోటు కావాలి. మూడోది చేస్తేనే ఉండేది. విత్తనం, అల్లిక, భాష, మందు ఆకుల గుర్తు, పాట. దీన్ని అందుకోవడానికి చేతులు కావాలి, రోజులు కావాలి.

విత్తనాన్నే చూడండి. బంగారంలా పెట్టెలో పెట్టి తాళం వేస్తే అది నిలవదు. చెమ్మ తగిలితే బూజు పడుతుంది, వేడికి మొలక శక్తి పోతుంది. ఎంత బాగా దాచినా కొన్నేళ్ళకు చచ్చిపోతుంది. విత్తితేనే, మళ్ళీ కోసి, మళ్ళీ ఏరి దాస్తేనే అది ఉన్నట్టు. అంటే విత్తనాన్ని వారసత్వంగా తీసుకోవడం అంటే పనిని వారసత్వంగా తీసుకోవడమే. 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం విత్తనాన్ని దాచుకునే, విత్తుకునే, మార్చుకునే, పంచుకునే హక్కు రైతుకు ఉందని చెప్పింది. హక్కు మన చేతిలో ఉండి విత్తనం మన చేతిలో లేకపోతే ఆ హక్కుతో ఏం చేస్తాం?

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న ఉంది. దాన్ని అడిగింది మా చెల్లెలి కూతురు. నర్సింగ్ చదువుతోంది. చిన్నమ్మ అంచు కడుతుంటే పక్కనే కూర్చుని బద్దలు అందిస్తూ ఇలా అడిగింది. "సంతలో ప్లాస్టిక్ డబ్బా దొరుకుతుంది, మూత గట్టిగా పడుతుంది. అమ్మమ్మ కష్టపడింది మేము కష్టపడకూడదనే కదా. మళ్ళీ మమ్మల్ని అదే కష్టంలోకి ఎందుకు లాగుతారు?"

ఈ ప్రశ్నను కోప్పడి నోరు మూయించడం పెద్దరికం కాదు. ఆ అమ్మాయి చెప్పిన దాంట్లో సగం పూర్తిగా నిజం. మన తల్లుల బతుకును పాటల్లో, ఉపన్యాసాల్లో అందంగా చూపించేవాళ్ళు చాలామంది ఉన్నారు. గెడ్డ నుంచి కుండ మీద కుండ పెట్టుకుని ఎత్తు ఎక్కిన మెడ నొప్పి వాళ్ళకు తెలియదు. పురిటి నొప్పులతో డోలీలో వెళ్ళిన ఆడవాళ్ళ భయం తెలియదు. పండిన పంటలో సగం అప్పు కింద షావుకారికి కొలిచిన ఏళ్ళు తెలియవు. అవన్నీ కూడా పెద్దలు విడిచినవే. వాటిని మోయడం మన ధర్మమా? ఎంతమాత్రం కాదు. అవి పోతే కన్నీరు పెట్టనక్కర్లేదు.

అయితే ఏది మోయాలి, ఏది దింపాలి అని ఎలా తేల్చుకోవడం? మాకు తోచిన కొలత ఒకటి ఉంది. ఆమె దేన్ని వేరే దారి లేక మోసిందో, దేన్ని అడిగినవాళ్ళకు తన చేత్తో ఇచ్చిందో చూడాలి. మా అమ్మ తన నీళ్ళ కుండ బరువును ఎవరికీ పంచలేదు. కూతుళ్ళకు ఆ బరువు రాకూడదనే కోరుకుంది. అదే అమ్మ చిక్కుడు గింజలు మూడు ఊళ్ళకు ఇచ్చింది. పెళ్ళయి వెళ్ళే ప్రతి ఆడపిల్ల కొంగున గుప్పెడు గింజలు కట్టింది. ఎప్పుడు విత్తాలో చెప్పి పంపింది. ఎవరి పెరట్లో అయినా తన తీగ కాస్తే ఆ ఇంటి ముందు ఆగి చూసి వెళ్ళేది. ఒకటి ఆమెకు భారం, రెండోది ఆమె ఇచ్చిన కానుక. మనిషి ఇష్టంగా ఇచ్చినదాన్ని, ఆ మనిషి పోయాక పారేస్తే ఇచ్చిన చెయ్యి కూడా పోతుంది. ఇష్టం లేక మోసినదాన్ని మనమూ మోస్తే, ఆ తల్లి పడిన కష్టానికి అర్థం లేకుండా పోతుంది. రెండూ తప్పే.

ప్లాస్టిక్ డబ్బా సంగతి కూడా ఈ కొలతతోనే చూడవచ్చు. బాగా ఎండిన గింజను గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టినా ఉంటుంది. అందులో పాపమేమీ లేదు. కావలసింది ఏ గింజ ఏరాలో, ఎంత ఎండితే చాలో తెలిసిన కన్ను. పంటితో కొరికితే టక్కున విరగాలి, మెత్తగా నొక్కుకుపోతే ఇంకా ఎండాలి. సంతలో డబ్బా అమ్మేవాళ్ళు ఇది అమ్మరు. అల్లిక కూడా అంతే. ఇంటింటా ప్రతి మనిషీ అల్లాలని మేము అనడం లేదు. ఊరికి నలుగురైనా అల్లగలిగితే ఆ విద్య ఊరికి ఉన్నట్టు. ఒక్కరే మిగిలితే, ఆ ఒక్కరు పోయిన రోజున ఊరంతా దాన్ని పోగొట్టుకున్నట్టు. ఆ తర్వాత అరకు గిరిజన మ్యూజియంలో అద్దాల వెనక బుట్టను చూసి మన పిల్లలు ఫోటో దిగుతారు. మ్యూజియం మంచిదే. బుట్ట ఎలా ఉండేదో అది చూపిస్తుంది. కానీ విత్తనాన్ని అలా చూపించలేం. అద్దాల వెనక పెట్టిన విత్తనం ఏడేడు ఏళ్ళకు ఉత్త గింజే.

మన కొత్త పండుగలు ఈ విషయాన్ని ఎప్పటినుంచో చెబుతున్నాయి. కొర్ర కొత్త, సామ కొత్త, చిక్కుడు కొత్త, మామిడి కొత్త అని ఊరిని బట్టి పేర్లూ నెలలూ మారతాయి. నియమం మాత్రం ఒకటే. కొత్త పంటను ముందు దేవతకు, ఇంటి పెద్దలకు పెట్టాలి. తర్వాతే మనం తినాలి. ఆకలిగా ఉన్న పిల్లవాడు కూడా ఆగాలి. చనిపోయినవాళ్ళు నిజంగా తింటారా అని బడిలో పిల్లలు మమ్మల్ని అడుగుతారు. వాళ్ళు తింటారో లేదో వాదించుకోవడం కంటే, ముందు వాళ్ళకు పెట్టడం వల్ల మనకు ఏం జరుగుతుందో చూడమని మేము చెబుతాం. ఈ ముద్ద నా కష్టంతో మాత్రమే రాలేదని ఏడాదికోసారి నోటి దాకా వచ్చిన చెయ్యి ఆపి గుర్తు చేసుకుంటాం. ఈ గింజను నా కంటే ముందు ఒకరు ఏరారు, ఆకలి ఆపుకుని దాచారు. మనం రెండో పంక్తిలో తినేవాళ్ళం. చదువు, ఉద్యోగం ఎంత ఎత్తుకు తీసుకుపోయినా ఈ వరస మారదు.

ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. పట్నాల్లో సామలు, కొర్రలు కిలోల లెక్కన అందమైన సంచుల్లో అమ్ముతున్నారు. సంతోషమే. కానీ ఆ విత్తనాన్ని నిన్నటి దాకా ఎవరు కాపాడారు? వరి అన్నం తినేవాళ్ళు నాగరికులు, సామ అంబలి తాగేవాళ్ళు వెనకబడినవాళ్ళు అని హేళన పడుతూనే ఏటేటా విత్తిన మన అవ్వలు కాపాడారు. వాళ్ళకు ఏ ప్రశంసాపత్రమూ అక్కర్లేదు. వాళ్ళు దాచినది మన చేతుల్లో ఆగిపోకుండా ఉంటే చాలు.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. మన పిల్లలు చాలామంది చిన్నప్పుడే ఆశ్రమ పాఠశాలకు వస్తారు. ఏడాదిలో ఎక్కువ రోజులు హాస్టల్లోనే ఉంటారు. అక్షరం వస్తుంది, అది కావాలి. అయితే పెరటి పని, అల్లిక నేర్పే అవ్వ, తాత ఊళ్ళో ఉంటారు. పిల్లవాడు ఇంటికి వెళ్ళేది సెలవులకే. దసరా సెలవులు సరిగ్గా వలిసె పూసే కాలంలో వస్తాయి. ఆ సెలవుల్లో కాపీ రాతలు కాకుండా ఒక చిన్న పని ఇవ్వండి. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ఒక విత్తనం తెమ్మనండి. దాని పేరు సొంత భాషలో ఏమంటారు, ఎవరు ఎవరికి ఇచ్చారు, ఎప్పుడు విత్తాలి అన్న మూడు సంగతులు రాసుకు రమ్మనండి. సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా వంటి భాషల్లో వాచకాలు వచ్చినా, వాటిలో లేని మాటలు ఇంకా మన అవ్వల నోళ్ళలోనే ఉన్నాయి. వచ్చిన విత్తనాలను సీసాల్లో పెట్టి గోడకు అలంకరించి వదిలేయకండి. తొలకరికి బడి కంచె వెంట పాతించండి. కాసిన కాయలు మధ్యాహ్న భోజనంలో పడాలి, తొలి గుత్తులు విత్తనానికి మిగలాలి. పిల్లలకు ఆ నియమం నాలుకకూ చేతికీ కలిసి తెలుస్తుంది. అల్లిక తెలిసిన పెద్దాయనను బడికి పిలిస్తే, కింద కూర్చోబెట్టి ఫోటోలు తీసి పంపేయకండి. కుర్చీ వేయండి, ఆయన సమయానికి తగిన డబ్బు ఇవ్వండి. గురువుకు ఇచ్చే మర్యాద ఇవ్వండి, ఎందుకంటే ఆయన గురువే.

యువతకు మరో మాట. పట్నంలో చదువుకోండి, ఉద్యోగాలు చేయండి. దూరంగా ఉండటం ద్రోహం కాదు. మన తల్లిదండ్రులు అప్పు చేసి మనల్ని చదివించింది అందుకే. కానీ సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు వాళ్ళు ఆస్తి గురించి చెబితే వినే మనం, పెరటి గురించి చెబితే ఫోన్ చూస్తూ "ఊఁ" కొడుతున్నాం. వాళ్ళు వేలు చూపగలిగే రోజుల్లోనే ఆ వేలు వెంట వెళ్ళండి. ఏ గుత్తి కొయ్యకూడదో అడగండి. ఒక వరస అల్లి చూడండి, వంకర వస్తే విప్పించుకుని మళ్ళీ అల్లండి. పోయిన తర్వాత పటానికి దండ వేసి ఏడవడం అందరూ చేస్తారు. అందులో తప్పేమీ లేదు కానీ, దానితో ఏ తీగా మొలవదు.

పెద్దలు విడిచిన పని ఎవరిది అని మొదట అడిగాం. వాళ్ళు బలవంతాన మోసిన బరువు ఎవరిదీ కాదు. దాన్ని దింపడమే మన పని. వాళ్ళు ఇష్టంగా పంచినది మాత్రం మనది, మన తర్వాత వచ్చేవాళ్ళది. మధ్యలో ఉన్న మనకు దాన్ని ఆపే హక్కు లేదు. ఈ ఏడు మీ ఇంటి పందిరి మీద తొలి గుత్తి ఉంచండి. ఎండాక ఏరి, సగం దాచుకోండి. మిగిలిన సగం పక్కింటికి ఇవ్వండి, ఎప్పుడు విత్తాలో చెప్పి ఇవ్వండి.